ఒక్క నిమిషం, లేపకండి

పిచ్చుక పడిపోయింది.

పిచ్చుకంటే పక్షి కాదు, పిల్ల. రొయ్యల షెడ్డులో చివరి బల్ల దగ్గర, బోర్లించిన ట్రే మీద నిలబడితే తప్ప పని అందని పిల్ల. పొద్దుటినుంచీ ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచుతూ తుంచుతూ, ఉన్నట్టుండి మోకాళ్ళు వంగి, ట్రే మీంచి జారి తడి గచ్చు మీద పడింది. చేతిలోని రొయ్యని మాత్రం వదల్లేదు. సరుకు నేలపాలైతే మేస్త్రీ కొడతాడని స్పృహ తప్పిన ఒంటికి కూడా తెలుసు.

అదే బల్లకి ఇవతల నిలబడ్డ గయ్యాళి అది చూసింది. చూసీ చూడగానే బొటనవేలెత్తి బల్ల అంచు మీద కొట్టింది. టక్. టక్. టక్.

షెడ్డంతా ఆగిపోయింది.

ఇది కొంచెం చెప్పాలి. షెడ్డులో మాట్లాడకూడదు. నోరు ఆడితే చెయ్యి ఆగుతుందని యజమాని నమ్మకం. అందుకని ఆడవాళ్ళు నోరు కట్టేసుకుని గోటితో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. రొయ్య వీపు చీల్చడానికి బొటనవేలికి తొడుక్కునే తొడుగు ఒకటుంటుంది, రేకుగోరు అంటారు. దానితో బల్ల మీద రెండు కొడితే మేస్త్రీ వస్తున్నాడని. మూడు కొడితే ఎవరో పడిపోయారని. మూడు వినబడ్డాక ఏ చెయ్యీ కదలకూడదు. పడ్డ మనిషి లేచి, తన గోటితో తనే ఒక్క దెబ్బ కొట్టాలి, లేచానని. అప్పుడే మళ్ళీ పని.

ఈ కట్టు ఊరికే పుట్టలేదు. ఎప్పుడో ఒక ముసలామె బల్ల కింద పడి ప్రాణం వదిలితే, తక్కినవాళ్ళు ఆమె కాళ్ళు దాటుకుంటూ సాయంత్రం దాకా రొయ్యలు ఒలిచారట. ఆ సిగ్గులోంచి పుట్టింది. తర్వాత మేస్త్రీలు మారారు, తిట్టారు, కూలి కోశారు, కొందరిని తన్ని తరిమేశారు. కట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

గయ్యాళికి తల్లి పెట్టిన పేరు వేరే ఉంది. నోటి దురుసు చూసి మేస్త్రీ పెట్టిన పేరు ఇది. ఇంత కాలంలో అతను ఆమెకిచ్చింది అదొక్కటే కాబట్టి ఉంచేసుకుంది. ఆమె కూతురు పిడుగు కూడా ఆ బల్ల దగ్గరే పని. పిచ్చుకా పిడుగూ ఒక కంచంలో తిని ఒక పక్కలో పడుకునే పిల్లలు. పిచ్చుక తల్లి మెతకమ్మ, పేరుకి తగ్గట్టే మెతక, షెడ్డు అవతలి కొసన ఐసు కొడుతోంది. దెబ్బలు విని తలెత్తింది కానీ పడింది ఎవరో ఆమెకి ఇంకా కనబడలేదు.

గయ్యాళి వంగి పిల్లని ఎత్తబోయింది.

"ఒక్క నిమిషం! లేపకండి!"

అన్నది ఐసు లారీతో వచ్చిన మనిషి. ముతక చొక్కా, భుజాన గోనె. ఆ గోనెలోంచి కెమెరా తీశాడు. విలేకరి అని అప్పుడు తెలిసింది. తడి గచ్చు మీద బోర్లా పడుకుని, కన్ను కెమెరాకి ఆనించి, మళ్ళీ లేచి, రొయ్య పట్టుకున్న పిల్ల చేతిని రెండు వేళ్ళతో మెల్లగా ఎత్తి వెలుగులో పెట్టాడు.

"నీ కళ్ళు కాకులు పొడవా! ముందు పిల్లని లేపు!" అంది గయ్యాళి.

"అమ్మా, అర్థం చేసుకోండి. ఈ ఒక్క ఫోటో సరిగా వస్తే ఇలాంటి పిల్లలు ఎంతమందో లేస్తారు."

"ముందు ఇది లేవాలి గదరా!"

అతను ఫోటో తీశాడు. ఒకటి కాదు, తృప్తి తీరే దాకా తీశాడు. అప్పటికి మెతకమ్మ పరిగెత్తుకొచ్చి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. పిచ్చుక వేళ్ళు తెల్లగా నానిపోయి, రొయ్య నీళ్ళకి కొసలు తొలుచుకుపోయి, గోళ్ళ చుట్టూ చీము పట్టి ఉన్నాయి. కాసేపటికి కళ్ళు తెరిచింది. చుట్టూ నిలబడ్డవాళ్ళని చూసి, పని ఆగింది తన వల్లేనని భయపడి, లేచి తన గోటితో బల్ల అంచు మీద ఒక్క దెబ్బ కొట్టింది. చేతులన్నీ మళ్ళీ కదిలాయి.

ఆ ఫోటో అచ్చయింది. దేశమంతా చూసి అయ్యో అంది. అయ్యో అన్నాక ప్రభుత్వం ఊరుకోకూడదు కదా, ఒక ఉదయం అధికారులూ పోలీసులూ వ్యాన్లేసుకుని షెడ్డు మీద పడ్డారు. పిల్లల్ని రక్షించారు. రక్షించడమంటే ఏమిటో ఆ పూట తల్లులకి తెలిసొచ్చింది. రెక్క దొరికితే రెక్క, జుట్టు దొరికితే జుట్టు పట్టుకుని వ్యానెక్కించడం. పిడుగు ఒక కానిస్టేబులు చెయ్యి కొరికింది. పిచ్చుక కొరకలేదు, పిడుగు చెయ్యి పట్టుకుని ఎక్కింది.

యజమానికి ఏమైందంటారా? ఏమవుతుంది! అధికారుల పక్కన నిలబడి గుండెల మీద చెయ్యేసుకుని చెప్పాడు, "మాకు తెలీకుండా తల్లులే దొంగతనంగా తీసుకొచ్చేవాళ్ళండీ." తల్లుల చేత ఆ మాట కిందే వేలిముద్రలు వేయించారు. పిల్లల్ని పెట్టిన హోముకి అతనే కొత్త గదులు కట్టించాడు, గుమ్మం మీద అతని పేరు చెక్కారు. ఆ తర్వాత షెడ్డులో పిల్లలు కనబడలేదు. రొయ్యలే బుట్టలకెత్తి ఇళ్ళకి పంపడం మొదలుపెట్టాడు. ఇంట్లో పని కాబట్టి సగం కూలి. మిగిలిన పిల్లలు ఇప్పుడు మంచాల కింద, చీకట్లో ఒలుస్తున్నారు.

"షెడ్డులో పడితే మూడు దెబ్బలు కొట్టేవాళ్ళుండేవారు," అంది గయ్యాళి. "ఇంట్లో పడితే ఎవరు కొడతారే?"

హోము గేటు దగ్గర తల్లులు ఎన్నిసార్లు నిలబడ్డా ఒకటే జవాబు. విచారణ కావాలి. విచారణ ఎప్పుడవుతుందంటే, అయినప్పుడవుతుంది. గోడ ఎత్తు, గేటు రేకు. లోపల పిల్లలు పాటేదో నేర్చుకుంటున్న చప్పుడు వినబడేది. ఆ చప్పుడులో తన కూతురి గొంతు ఏదని వెతుక్కుని తల్లులు ఇంటికెళ్ళిపోయేవారు.

అలా ఉండగా ఆ ఫోటోకి అవార్డు వచ్చింది. పిల్లల హక్కుల మీద రాసే విలేకరులకిచ్చే వాటిలో అన్నిటికన్నా పెద్దదట. సభకి తల్లుల్ని కూడా పిలవాలని ఎవరికో తోచింది. పిల్లలు స్టేజీ మీద పాట పాడతారు, ఒక తల్లి పూలగుత్తి ఇచ్చి రెండు మాటలు మాట్లాడుతుంది. ఫోటోలో ఉన్నది పిచ్చుక కాబట్టి మాట్లాడాల్సింది మెతకమ్మ. "మా పిల్లల బతుకులో వెలుగు నింపిన మీ అందరికీ దండాలు" అని హోము మేడమ్ ఆమెకి నేర్పించింది. మెతకమ్మ ఐసు కొడుతూ కూడా అదే వల్లించుకునేది.

సభ రేపనగా మేడమ్ మళ్ళీ వచ్చింది. వెంట విలేకరి కూడా ఉన్నాడు. ఇరుకు సందులో నిలబడి మేడమ్ చెప్పింది, "ఈవిడ వద్దు. నోరు పెగలదు. నువ్వు మాట్లాడు."

నువ్వు అన్నది గయ్యాళిని.

"నేనా? నేను నోరు తెరిస్తే మీ సభ మంచాన పడుతుంది మేడమ్."

"నేర్పింది చెబితే చాలు. సభ సవ్యంగా జరిగితే నీ కూతుర్ని ఆ సాయంత్రమే నీ వెంట పంపిస్తాను. కాగితాలన్నీ అయిపోయాయి. వ్యాను కూడా నాదే, ఇంటి దగ్గర దింపుతుంది."

వెనకనుంచి మెతకమ్మ మెల్లగా అడిగింది, "మా పిచ్చుకనెప్పుడు పంపుతారమ్మా?"

మేడమ్ చేతిసంచి తెరిచి అందులో ఏదో వెతకసాగింది. విలేకరి కాలువలో నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఒక్కొక్కరే వస్తారు," అంది మేడమ్ చివరికి.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర బిందెలు పక్కన పెట్టి అందరూ చేరారు. ఓడ మీదికి సరుకెత్తే హమాలీల సంఘం పెద్దాయన కూడా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"వెళ్దామే. పిల్లలైనా కంటపడతారు," అంది ఒకామె.

"వెళ్ళి? బొమ్మల కొలువులో బొమ్మల్లా కూర్చుందామా?"

"ఆయన రాయబట్టి కదే మన సంగతి పదిమందికీ తెలిసింది!"

"తెలిసి ఏం ఊడబొడిచారు? పిల్లలు అక్కడ, రొయ్యలు ఇంట్లో, కూలి సగం. గోరుచుట్టు మీద రోకటిపోటు!"

"ఆయన్నంటావేం? యజమాని చేసిన పాపానికి రాసినాయన్ని తిడతావా?"

"రాసినాయన మళ్ళీ ఈ సందులోకి వచ్చాడా? ఫోటో పట్టుకెళ్ళాక మళ్ళీ ఇదిగో ఈ అవార్డుకే!"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయన మంచోడా చెడ్డోడా అని తేల్చుకోడానికి రాత్రి చాలదమ్మా. ఆ సభలో మీ గురించి మాట్లాడతారు. మీ మాట ఉందా? లేదు. ఒకత్తి మాట్లాడుతుంది, అదీ వాళ్ళు నేర్పిందే. ఒంటరిగా స్టేజీ ఎక్కినోళ్ళు దిగేప్పటికి వాళ్ళ మనుషులైపోతారు. వెళ్తే అందరూ వెళ్ళండి. రేకుగోళ్ళు కూడా పట్టుకెళ్ళండి."

"ఇదిగో గయ్యాళీ," అని ఒక పడుచు నిలదీసింది. "నీ పిల్లనిస్తామన్నారుగా. నువ్వు నోరు మూసుకుంటావు, అవునా?"

అందరూ ఆమె మొహంలోకి చూశారు. గయ్యాళికి అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

"అవునే. మూసుకుంటాను. నా పిల్ల నాక్కావాలి. రేపొక్క రోజుకి నేను గయ్యాళిని కాను."

ఒకామె తుపుక్కున ఉమ్మింది. ఇంకొకామె బిందె విసురుగా ఎత్తుకుంది. మెతకమ్మే అడ్డం వచ్చింది. "ఎందుకే దాన్నంటారు? ఒక్క పిల్లయినా ఇంటికొస్తుంది కదా." తర్వాత గయ్యాళి మోచెయ్యి పట్టుకుంది. "వదినా, నీకు దగ్గర్లో నిలబెడతారుగా పిల్లల్ని. మా దాన్ని అడుగు, గోళ్ళు నయమయ్యాయా అని."

సభ జరిగేచోటు షెడ్డుకన్నా చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు, వాటికి ఇనుప చేతులు. తల్లులందరికీ ఒకే రంగు బట్టలిచ్చి, వెనక వరసల్లో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర కాపలావాడు గయ్యాళి నడుం దగ్గరి ముడి తడిమి, రేకుగోరు పైకి తీశాడు.

"ఇదేంటి?"

"గోరు."

"దేనికి?"

"దురద పుడితే గోక్కోడానికి నాయనా. మీకు లేదా?"

వాడు నవ్వి ఇచ్చేశాడు.

ముందు వరసలో యజమాని చేతులు కట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా వినయంగా కూర్చున్నాడు. స్టేజీ వెనక తెర మీద పిచ్చుక ఫోటో గోడంత పెద్దగా ఉంది. తడి గచ్చు, నానిన వేళ్ళు, వదలని రొయ్య.

"మా పిచ్చుకే!" అంది మెతకమ్మ, పక్కామె తొడ మీద చరిచి. "ఎంత పెద్దగా కనబడుతోందో చూడవే!"

అవార్డు నిర్ణయించిన పెద్దమనిషి మైకు ముందుకొచ్చాడు. ఆ ఫోటోలో వెలుగు ఎలా పడిందో చెప్పాడు. ఆ చెయ్యి ఉన్న తీరు చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా ఇంత అందమైన బాధని చూడలేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తల్లులకి ఆ మాటలు సగం అర్థం కాలేదు, అర్థమైన సగం నచ్చలేదు.

గయ్యాళిని స్టేజీ ఎక్కించి చేతిలో పూలగుత్తి పెట్టారు. పక్కన విలేకరి, అటు పక్కన మేడమ్. అప్పుడు పిల్లలు వచ్చారు. తెల్లబట్టలు, నూనె రాసి దువ్విన తలలు, గుండెల మీద హోము పేరున్న రేకు బిళ్ళలు. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని బారుగా వచ్చి నిలబడ్డారు. ఎగిరే పిట్టలం మేమంటూ పాట ఎత్తుకున్నారు. బారు చివర, మైకుకి దగ్గరగా పిడుగు ఉంది. చిక్కిపోయింది. దాని పక్కన జత లేదు, రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి.

పిచ్చుక చెయ్యి వదిలి నిలబడే పిల్ల కాదు పిడుగు. గయ్యాళి బారంతా ఒకసారి వెతికింది. మళ్ళీ వెతికింది.

పిడుగు తల్లినే చూస్తోంది. ఏడవడం లేదు, నవ్వడం లేదు, పాట పాడడం కూడా లేదు. గుండెల మీది బిళ్ళ ఊడబీకి, ముందున్న మైకు గొట్టం మీద కొట్టింది.

టక్. టక్. టక్.

నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి ఆ దెబ్బలు ఉరిమినట్టు వినబడ్డాయి. పాటకి తాళమనుకున్నారు జనం. ముచ్చటపడి చప్పట్లు కలిపారు. పిల్ల మళ్ళీ మూడు కొట్టింది, జనం మళ్ళీ మూడు చప్పట్లు కొట్టారు. యజమాని కూడా కొట్టాడు.

వెనక వరసల్లో మాత్రం ఒక్క చెయ్యీ కదల్లేదు. తల్లులు కొయ్యబారిపోయారు. మెతకమ్మ ఒక్కతే అటూ ఇటూ తల తిప్పుతూ అడుగుతోంది, "ఎవరే? ఎవరు పడ్డారే?"

గయ్యాళి విలేకరి వైపు తిరిగింది. "పిచ్చుకేది?"

"అమ్మా... ఒక్క నిమిషం. ఈ కార్యక్రమం అవనివ్వండి."

"పిచ్చుకేదిరా?"

అతని పెదాలు కదిలాయి. "జ్వరం వచ్చింది. చేతుల్లో చీము ఒళ్ళంతా పాకిందట. మొన్న..."

"మొన్న! నిన్న మా సందుకొచ్చావు. దాని తల్లి ముందు నిలబడ్డావు."

"రాస్తానమ్మా. సభ అయ్యాక మొత్తం రాద్దామనే..."

"పిల్ల చచ్చిపోయిందని తెలిసి కడుపులో దాచుకున్నవాడివి, నువ్వు విలేకరివా?"

మేడమ్ నవ్వు చెదరకుండానే ఆమె మోచేతి మీద గోళ్ళు దించింది. "రెండు మాటలు చెప్పి దిగు. వ్యాను బయటే ఉంది. కూతుర్ని తీసుకుని వెళ్ళిపో. ఇప్పుడే."

కూతురు నాలుగడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఇంటికి తీసుకెళ్ళి, వేణ్ణీళ్ళు పోసి, తల తుడిచి, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. గయ్యాళి ప్రాణమంతా అటే లాగింది. లాగలేదంటే అబద్ధం. కానీ మూడు దెబ్బలు కొట్టింది ఆ కూతురే. కొట్టి, తల్లి చెయ్యి ఆగుతుందా ఆగదా అని చూస్తోంది.

గయ్యాళి పూలగుత్తి కింద పడేసింది. నడుం ముడిలోంచి రేకుగోరు తీసి తొడుక్కుంది. మైకు గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టింది.

పిల్లల చేతులన్నీ ఒక్కసారి కిందికి జారాయి. పాట తెగిపోయింది. చప్పట్లు కాసేపు వాటంతటవి మోగి, సిగ్గుపడినట్టు ఆగాయి. వెనకనుంచి తల్లులు కుర్చీల ఇనుప చేతుల మీద మూడేసి దెబ్బలు కొడుతూ లేచి నిలబడ్డారు. ఆ దెబ్బలు ఆగగానే పిడుగు మైకులో చెప్పింది.

"పిచ్చుక లేవలేదమ్మా. నేను మూడు కొట్టాను. అది ఒకటి కొట్టాలి కదా, కొట్టలేదు. డాక్టరుని పిలవమంటే, గొడవైతే సభలో పాట తప్పుతామని మమ్మల్ని గదిలో పెట్టి గడియ వేశారు. తెల్లారాక దాన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళిపోయారు. ఎవరడిగినా దానికి నయమైందని చెప్పమన్నారు."

మేడమ్ మైకు లాక్కుంది. అప్పటికే ఆలస్యమైంది.

మెతకమ్మ కేక పెట్టలేదు. కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి, స్టేజీ ఎక్కి, తెర దగ్గరికి వెళ్ళింది. గచ్చు మీద పడి ఉన్న తన కూతురి బొమ్మ కింద రెండు చేతులూ పెట్టి ఎత్తబోయింది. చేతులకి గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు. "లేమ్మా," అంది. "లే, మీ అమ్మొచ్చింది. లేమ్మా."

ఆ సభ నిండా విలేకరులే కదా. నలుమూలలనుంచీ కెమెరాలు పరిగెత్తుకొచ్చాయి. ఒకడు కుర్చీ ఎక్కాడు, ఒకడు స్టేజీ మీద బోర్లా పడుకున్నాడు. "అలాగే ఉండమ్మా, చెయ్యి దించకు," అన్నాడు ఎవడో.

"తీయండిరా, తీయండి చూస్తాను!" అని గయ్యాళి అడ్డం దూకింది. తల్లులంతా స్టేజీ మీదికెక్కి మెతకమ్మ చుట్టూ దడి కట్టారు. కెమెరాలకి వీపులు పెట్టి నిలబడ్డారు. నిన్న ఉమ్మిన ఆమే గయ్యాళి భుజానికి భుజం ఆనించింది. "పడ్డ మనిషిని లేపడానికైతే దగ్గరికి రండి. ఫోటోకైతే కెమెరా పగుల్తుంది, తర్వాత తలకాయ," అందామె.

ఎవరూ దగ్గరికి రాలేదు.

"పిల్ల ఎక్కడుంది?" అని అడిగింది గయ్యాళి, మైకు లేకుండానే, సభ అదిరేలా. చివరికి విలేకరే చెప్పాడు. "ఆసుపత్రి శవాల గదిలో. ఐసులో పెట్టారు. సభ అయ్యాక అప్పగిద్దామని..."

"బతికున్నన్నాళ్ళూ ఐసులోనే," అంది తల్లుల్లో ఒకామె. "చచ్చాక కూడా ఐసులోనే పెట్టారా, మీ నోట మన్ను పడ!"

విలేకరి కళ్ళనిండా నీళ్ళు. అవార్డు బొమ్మని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు పట్టుకున్నాడు. "నేనే రాస్తానమ్మా. అన్నీ రాస్తాను. నా తప్పు కూడా రాస్తాను."

"రాసుకో," అంది గయ్యాళి. "దానికి ఇంకోటి ఇస్తారు."

పోలీసులు వచ్చారు. తల్లుల్ని జుట్టు పట్టుకుని దింపారు. రక్షించే పద్ధతీ అరెస్టు చేసే పద్ధతీ ఒకటే. ఆ తోపులాటలో గయ్యాళి చేతికి కూతురి చెయ్యి దొరికింది. కొరికి విడిపించుకునే లోపల ఇద్దరు లాగారు, పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. హోము వ్యాను ఒకవైపు, పోలీసు వ్యాను ఇంకోవైపు కదిలాయి. ఈసారి పిడుగు ఏడ్చింది. తల్లి పేరు పెట్టి ఏడ్చింది, గయ్యాళి అని కాదు, అసలు పేరు పెట్టి.

లాకప్పులో మెతకమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. అన్నం ముట్టలేదు. "నన్ను రెండు మాటలు చెప్పమని నేర్పించారు కదే," అంది ఒకసారి. "వెలుగు నింపారని." గయ్యాళి ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుంది. ధైర్యం చెప్పడానికి మాటలు వెతికింది. గయ్యాళి దగ్గర లేని మాటలంటే అవే.

మర్నాడు మధ్యాహ్నానికి స్టేషనులో ఒక కంపు మొదలైంది. ముందు కానిస్టేబుళ్ళు ముక్కులు మూసుకున్నారు. తర్వాత కిటికీలు మూశారు. ఆ కంపు ఏమిటో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఐసు కరిగి, ఒలవని రొయ్య కుళ్ళే కంపు.

హమాలీ పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి ఊచల్లోంచి చెప్పాడు. "పొద్దున్నే మన షెడ్డులో మిగిలినవాళ్ళు మూడు కొట్టారమ్మా. పక్క షెడ్డుకి వినబడింది, వాళ్ళూ కొట్టారు. అలా తీరం పొడుగునా పాకింది. ఏ షెడ్డులోనూ చెయ్యి ఆడటం లేదు. ఇళ్ళకి పంపిన బుట్టలన్నీ తెచ్చి యజమాని గుమ్మంలో బోర్లించారు. మావాళ్ళు ఓడ ముందు కొక్కేలు కింద పడేసి కూర్చున్నారు. జనం సగం ఆసుపత్రి ముందు, సగం హోము గేటు ముందు."

"పిల్లలు?"

"గేటు తీయలేదింకా. లోపలనుంచి రేకు మీద కొడుతున్నారు. బయట మనవాళ్ళు జవాబిస్తున్నారు."

గయ్యాళి కళ్ళు మూసుకుంది. మైకు గొట్టం మీద కొట్టిన ఆ చిన్న చెయ్యి కనబడింది.

సాయంత్రానికి యజమాని స్వయంగా వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఊచల ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నిన్నటి వినయం లేదు, కోపమూ లేదు. సరుకు కుళ్ళుతున్నవాడికి రెండిటికీ తీరిక ఉండదు.

"చూడమ్మా, జరిగింది జరిగిపోయింది. పిల్ల పోయినందుకు నాకూ బాధగానే ఉంది. నీ కూతుర్ని ఈ క్షణం ఇప్పిస్తాను, హోము వెనక గుమ్మంలోంచి తెప్పించి బయట కారులో కూర్చోబెట్టే వచ్చాను. కేసులుండవు. నువ్వొక్కసారి షెడ్డుకొచ్చి, ఆ ఒక్క దెబ్బేదో ఉందటగా, పని మొదలెట్టమని, అది కొట్టు. నువ్వు కొడితే అందరూ వింటారని మేస్త్రీ చెప్పాడు."

లాకప్పులో ఆడవాళ్ళు నువ్వు చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బయట కారు తలుపు ఎవరో లోపలనుంచి చిన్న చేత్తో కొడుతున్న చప్పుడు సన్నగా వినబడుతోంది. గయ్యాళి ఆ చప్పుడు విన్నది. ఒకటి, రెండు, మూడు. ఆమె కళ్ళు నిండి కారిపోయాయి, తుడుచుకోలేదు.

"మీ మేస్త్రీ ఇన్నేళ్ళు షెడ్డులో ఉండి కూడా నేర్చుకోలేదండీ," అంది. "ఆ ఒక్క దెబ్బ నాది కాదు. పడ్డవాళ్ళు లేచి కొట్టాలి."

మెతకమ్మ గోడ వదిలి లేచింది. లేచి వచ్చి ఊచలు పట్టుకుని, పుట్టాక మొదటిసారి యజమాని కళ్ళలోకి చూసింది.

"శవాల గదిలో ఉంది," అంది. "వెళ్ళి లేపు."